లెక్క చూసి అడుగు వేయమన్న మహలనోబిస్

(రచన: సంఘ సభ్యుడు, విశ్రాంత రెవెన్యూ ఉద్యోగి, రామసముద్రం)

మదనపల్లె పేరు చెప్పగానే మన ప్రాంతం వాళ్లకు విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూరు గుర్తుకు వస్తారు. 1919లో ఆయన ఇక్కడి దివ్యజ్ఞాన కళాశాలలో బస చేసి జనగణమన గీతాన్ని ఇంగ్లీషులోకి మార్చిన సంగతి మన బడిపిల్లలు కూడా చెబుతారు. ఆ ఠాగూరును గురువుగా భావించి, ఆయన స్థాపించిన విశ్వభారతికి పదేళ్లు కార్యదర్శిగా పనిచేసిన ఫిజిక్సు ప్రొఫెసరు ఒకరున్నారు. ఆయన పేరు ప్రశాంత చంద్ర మహలనోబిస్. ఠాగూరు పాట మనకు బడిలో అందితే, మహలనోబిస్ గారి పని మనకు ఆఫీసులో అందింది. పంట కోత ప్రయోగాల ఫారాలు నింపినవాళ్లు, జాతీయ నమూనా సర్వే సిబ్బందికి ఇళ్లు చూపించినవాళ్లు, ప్రణాళికల అంచనాలకు పట్టికలు పంపినవాళ్లు మన సంఘంలో చాలామంది ఉన్నారు. మన దేశానికి మొట్టమొదటి డిజిటల్ కంప్యూటరును తెప్పించినది కూడా ఆయన నడిపిన సంస్థే.

ఈ ప్రత్యేక సంచికకు ఆయన జీవితాన్ని ఎంచుకోవడానికి ఒక కారణం ఉంది. మన పిల్లలు, మనవళ్లు బెంగుళూరులోనో హైదరాబాదులోనో కంపెనీల్లో చేరారు. చేసే పని ఏమిటని అడిగితే, మేనేజర్లు నిర్ణయాలు తీసుకోవడానికి సహాయపడే కంప్యూటర్ వ్యవస్థలు తయారు చేస్తున్నామని చెబుతారు. మనకు అది ఏదో కొత్త విద్యలాగా వినిపిస్తుంది. నిజానికి ఆ పని కంప్యూటరుతో పుట్టినది కాదు. ఆఫీసరు సంతకం పెట్టేలోపల సరిచూసిన లెక్క ఆయన బల్లమీద ఉండాలన్నదే దాని సారం. ఆ మాటను మన దేశంలో జీవితాంతం పట్టుకుని నిలబడినవారు మహలనోబిస్. ఆయన కథ తెలిస్తే మన మనవళ్ల పనీ అర్థమవుతుంది, మనం చేసి వచ్చిన పని విలువా అర్థమవుతుంది.

బాల్యము, చదువు

మహలనోబిస్ 1893 జూన్ 29న కలకత్తాలో జన్మించారు. వారిది బ్రహ్మసమాజ కుటుంబం. తండ్రి ప్రబోధ చంద్ర ఆటసామాన్ల వ్యాపారం చేసేవారు. ప్రెసిడెన్సీ కళాశాలలో ఫిజిక్సు ప్రధానంగా డిగ్రీ పూర్తిచేసి 1913లో ఇంగ్లండు వెళ్లారు. చేరదలచుకున్నది లండనులో. ఒకరోజు కేంబ్రిడ్జి చూడటానికి వెళ్లి, చివరి రైలు తప్పిపోయి ఆ రాత్రి అక్కడే ఒక మిత్రుని వద్ద ఉండిపోయారు. ఆ ఊరు, కింగ్స్ కళాశాల ప్రార్థనామందిరం నచ్చి మరునాడే అక్కడ చేరిపోయారు. మన గణిత మేధావి శ్రీనివాస రామానుజన్ కేంబ్రిడ్జిలో ఉన్నది కూడా ఆ రోజుల్లోనే. వారిద్దరికీ మంచి స్నేహం ఏర్పడింది.

1915లో చదువు ముగించి ఇంటికి బయలుదేరే సమయానికి యుద్ధం వల్ల ఓడ ఆలస్యమయింది. ఆ ఖాళీలో ఆయన ట్యూటరు గ్రంథాలయంలో బయోమెట్రికా అనే పత్రికను చూపించారు. మనుషుల ఎత్తులు, కొలతలు వంటి వాటిని గణితంతో పరిశీలించే పత్రిక అది. ఆయన ఆ సంపుటాలన్నీ కొనుక్కుని ఓడలో చదువుకుంటూ కలకత్తా చేరారు. ఫిజిక్సు మాస్టారు గణాంక శాస్త్రంలోకి రావడానికి అదే నాంది. కలకత్తాలో ప్రెసిడెన్సీ కళాశాలలోనే అధ్యాపకునిగా చేరి మూడు దశాబ్దాలకు పైగా అక్కడ పాఠం చెప్పారు. 1923లో నిర్మల కుమారి గారిని వివాహమాడారు. 1931 డిసెంబరులో ఆయన కళాశాల గదిలోనే ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ ప్రారంభమయింది. మొదట్లో ఒక గది, కొద్దిమంది సిబ్బంది, చేత్తో తిప్పే లెక్కల యంత్రాలు, అంతే.

వరదల లెక్క

అంకెలు చూడకుండా నిర్ణయం తీసుకుంటే ఎంత నష్టమో ఆయన మొదట చూపించింది వరదల విషయంలో. 1922లో ఉత్తర బెంగాలులో పెద్ద వరదలు వచ్చాయి. నీటిని నిలవబెట్టే పెద్ద తటాకాలు కట్టాలని ఇంజనీర్లు సలహా ఇచ్చారు. బోలెడంత ఖర్చు. ఆ వ్యవహారం మహలనోబిస్ ముందుకు వచ్చింది. ఆయన సుమారు యాభై ఏళ్ల వానల లెక్కలు, వరదల లెక్కలు తెప్పించుకుని ఒకదాని పక్కన ఒకటి పెట్టి చూశారు. ఆ తటాకాల వల్ల ప్రయోజనం లేదని, నీరు త్వరగా బయటికి పోయే దారులు బాగుచేయడమే కావలసిందని తేల్చారు.

1926లో ఒరిస్సాలో వరదలు వచ్చినప్పుడు కూడా ఇదే జరిగింది. నదుల అడుగు మేట వేసి పైకి లేచింది కాబట్టి గట్లు ఇంకా ఎత్తు చేయాలని నిపుణుల అభిప్రాయం. ఆయన అరవై ఏళ్ల రికార్డులు పరిశీలించి, నది అడుగు పైకి లేచిందనడానికి ఆధారం లేదని, పైభాగంలో కురిసే భారీ వానలే కారణమని చూపించారు. గట్లు పెంచడం కాదు, ఎగువన ఆనకట్టలు కట్టి నీటిని ఆపి, దానితో విద్యుత్తు కూడా తీయవచ్చని సూచించారు. మహానదిపై హిరాకుడ్ ప్రాజెక్టు 1957లో ప్రారంభమయింది. అంటే ఆ సూచనకు, ఆనకట్టకు మధ్య దాదాపు మూడు దశాబ్దాలు గడిచాయి.

ఇక్కడ మనం గమనించవలసినది ఒకటి ఉంది. ఆ యాభై, అరవై ఏళ్ల అంకెలను ఆయన సృష్టించలేదు. ఏ ఊళ్లోనో వానమాపకం దగ్గర నిలబడి రోజూ ఉదయం ఇన్ని అంగుళాలని రాసిన చిన్న ఉద్యోగులు సృష్టించారు. ఆ రిజిస్టరు ఎందుకు రాస్తున్నారో వాళ్లకు తెలియకపోయి ఉండవచ్చు. కాని వాళ్లు రాయకపోతే మహలనోబిస్ దగ్గర చెప్పడానికి ఏమీ ఉండేది కాదు.

రెండు జట్ల పద్ధతి

1937లో ఆయన జనపనార పంట లెక్క చేపట్టారు. బెంగాలులో ఎన్ని ఎకరాల్లో జనపనార వేశారన్నది అప్పట్లో కోట్ల రూపాయల ప్రశ్న. మిల్లు యజమాని ఎంత సరుకు ఎప్పుడు కొనాలి, ఎగుమతిదారు ఏ ధరకు ఒప్పందం చేసుకోవాలి, ప్రభుత్వం రైతును ఎక్కువ వేయమనాలా తక్కువ వేయమనాలా, అన్నీ ఆ అంకెపై ఆధారపడేవి. ఆ అంకె ఊరి చౌకీదారు నోటిమాటగా పైకి చేరేది. కింద ఒకరు ఊహించినది పైన పట్టికగా మారేది.

ప్రతి పొలమూ తిరిగి చూడాలంటే వేలమంది మనుషులు, లక్షల రూపాయలు కావాలి. మహలనోబిస్ నమూనా పద్ధతి ఎంచుకున్నారు. అన్నం ఉడికిందో లేదో చూడటానికి కుండంతా పిసకనక్కరలేదు, ఒక మెతుకు పట్టి చూస్తే చాలని మన ఇళ్లలో ఎవరిని అడిగినా చెబుతారు. అయితే మెతుకు ఎక్కడినుంచి తీశామన్నది ముఖ్యం. పైపైన తీస్తే ఒక రకం, అడుగంటిన చోట తీస్తే ఇంకో రకం. అందుకని ఏ పొలం చూడాలన్నది మనిషి ఇష్టానికి వదలకుండా యాదృచ్ఛిక సంఖ్యల పట్టిక ప్రకారం నిర్ణయించాలి. ఆ తరువాత బెంగాలు ప్రభుత్వం పొలం పొలమూ తిరిగి చేయించిన పూర్తి లెక్కతో దీన్ని పోల్చి చూశారు. నమూనా సర్వేకు అయిన ఖర్చు అందులో సుమారు పదో వంతు. అంతకంటే ఆశ్చర్యం ఏమిటంటే, మార్కెట్టుకు చేరిన సరుకు లెక్కతో సరిచూస్తే నమూనా లెక్కే నిజానికి దగ్గరగా వచ్చింది. వేలమంది హడావిడిగా రాసిన దానికంటే కొద్దిమంది జాగ్రత్తగా రాసినదే నిలిచింది.

దీనికి తోడు ఆయన ఇంకో ఏర్పాటు చేశారు. ఒకే ప్రాంతానికి రెండు జట్లను విడివిడిగా పంపేవారు. ఒక జట్టు లెక్క రెండో జట్టుకు తెలియదు. రెండు ఫలితాలు దగ్గరగా ఉంటే సరే. తేడా ఎక్కువగా ఉంటే ఎక్కడో పొరపాటు ఉందన్నమాట. ఈ పద్ధతి తరువాత అంతర్జాతీయంగా పేరు పొందింది. ట్రెజరీ లెక్కనూ ఆఫీసు లెక్కనూ నెల నెలా సరిపోల్చి తేడా వచ్చిన చోట ఎర్రసిరాతో గుర్తు పెట్టిన మనకు దీని అంతరార్థం ఎవరూ విప్పి చెప్పనక్కరలేదు.

మన శాఖపై ఆయనకున్న అనుమానం

ఇక మనకు కొంచెం చేదుగా ఉండే సంగతి కూడా చెప్పుకోవాలి. పంట లెక్కల విషయంలో మహలనోబిస్ గారికి, వ్యవసాయ పరిశోధనా మండలిలో పనిచేసిన పాండురంగ సుఖాత్మే గారికి చాలాకాలం వాదం నడిచింది. పొలంలో చిన్న చిన్న గుండ్రటి కోతలు కోసి, ప్రత్యేకంగా శిక్షణ పొందిన స్వతంత్ర సిబ్బందితో లెక్క తీయించాలని మహలనోబిస్ అభిప్రాయం. కోత స్థలం పెద్దదిగా ఉండాలని, ఊళ్లో ఉన్న రెవెన్యూ, వ్యవసాయ సిబ్బందితోనే ఆ పని చేయించవచ్చని సుఖాత్మే అభిప్రాయం. చిన్న కోతలో అంచు మీది మొక్కలను లోపలికి కలిపేసుకునే ప్రమాదం ఉందని సుఖాత్మే చూపించారు. అది న్యాయమైన ఆక్షేపణే. రాష్ట్రాల్లో పంట కోత ప్రయోగాలు చివరకు స్థానిక సిబ్బంది చేతనే జరిగాయి.

అంటే మహలనోబిస్ మన శాఖ రాసే లెక్కను పూర్తిగా నమ్మలేదు. ఇది చదివి మనలో కొందరికి కష్టం కలగవచ్చు. కాని నిదానంగా ఆలోచిస్తే ఆయన నమ్మనిది మనిషిని కాదనిపిస్తుంది. ఇంకొకరు సరిచూసే ఏర్పాటు లేని లెక్కను ఆయన నమ్మలేదు. తన సొంత సిబ్బంది మీద కూడా రెండో జట్టును పెట్టిన మనిషి ఆయన. పై అధికారికి నచ్చే అంకె రాయమని ఒత్తిడి వచ్చే చోట, ఆ ఒత్తిడి లేని మరో చెయ్యి కూడా ఉండాలన్నది ఆయన పట్టుదల. ఒత్తిడి ఎలా ఉంటుందో మనకు తెలియనిది కాదు.

పంట కోత ప్రయోగం చేసినవారికి ఆ దృశ్యం కళ్లకు కడుతుంది. పట్టికలో వచ్చిన అంకె ప్రకారం సర్వే నంబరు ఎంపిక. పొలానికి నైరుతి మూల నుంచి ఇన్ని అడుగులు పొడవున, ఇన్ని అడుగులు వెడల్పున నడక. అక్కడ మేకు కొట్టి అయిదు మీటర్ల చదరం తాడుతో బిగించడం. మన రామసముద్రం మెట్టపొలాల్లో అయితే వేరుశనగ చెట్లు పీకి, కాయలు తెంపి, మట్టి దులిపి తూకం వేయడం. ఎండిన తరువాత మళ్లీ తూకం. కాపు బాగా ఉన్న చోటికి మేకు జరుపుదామని ఒకరు, కాపు లేని చోటికి జరుపుదామని ఇంకొకరు పక్కనుంచి చెబుతూనే ఉంటారు. పట్టిక చెప్పిన చోటనే మేకు కొట్టినవాడు మహలనోబిస్‌కు, సుఖాత్మేకు ఇద్దరికీ శిష్యుడే. 2016లో వచ్చిన ప్రధానమంత్రి ఫసల్ బీమాలో దిగుబడిని బట్టి పరిహారం లెక్కకట్టే పంటలకు ఈ తూకం ఒక ముఖ్య ఆధారం. ఆ చదరంలో కిలో అటూ ఇటూ అయితే ఆ ప్రాంతంలో రైతులందరి పరిహారమూ అటూ ఇటూ అవుతుంది.

మన తెలుగు విద్యార్థి

మహలనోబిస్ సంస్థకు మన తెలుగునేల నుంచి వెళ్లినవారిలో అగ్రగణ్యులు కల్యంపూడి రాధాకృష్ణారావు గారు, అంటే సి.ఆర్. రావు గారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితంలో ఎం.ఏ. చేసి, యుద్ధకాలంలో ఉద్యోగం కోసం కలకత్తా వెళ్లి, ఆ ఉద్యోగం దొరకక 1941 జనవరిలో మహలనోబిస్ దగ్గర శిక్షణకు చేరారు. మహలనోబిస్ ఆయన ప్రతిభను గుర్తించి 1946లో కేంబ్రిడ్జికి పంపారు. రెండు సమూహాల మధ్య దూరాన్ని కొలిచే పద్ధతి ఒకటి మహలనోబిస్ 1936లో కనిపెట్టారు. దాన్ని ఇప్పటికీ ప్రపంచమంతటా మహలనోబిస్ దూరం అనే పిలుస్తారు. రావు గారు ఆ దారిలోనే ఇంకా ముందుకు వెళ్లి ప్రపంచప్రఖ్యాతి పొందారు. గురువు కన్నుమూసిన తరువాత ఆ సంస్థకు డైరెక్టరు అయ్యారు. 2023లో నూరేళ్లు దాటిన వయసులో పరమపదించారు.

కంప్యూటరు రాక

స్వాతంత్ర్యం వచ్చాక 1949లో మహలనోబిస్ కేంద్ర మంత్రివర్గానికి గౌరవ గణాంక సలహాదారు అయ్యారు. 1950లో జాతీయ నమూనా సర్వే, 1951లో కేంద్ర గణాంక సంస్థ ఏర్పడ్డాయి. దేశం నలుమూలల ఇల్లిల్లూ తిరిగి, ఏమి తింటున్నారు, ఎంత ఖర్చు పెడుతున్నారు, ఏ పని చేస్తున్నారు అని రాసిన ఫారాలు కుప్పలుగా కలకత్తా చేరసాగాయి. ఇక్కడే చిక్కు వచ్చింది. లెక్క తేలేలోపల సంవత్సరాలు గడిచిపోతే ఆ లెక్క ఎవరికి? పంట కోసి అమ్మేసిన తరువాత దిగుబడి అంచనా ఇచ్చినట్లు ఉంటుంది. ఆలస్యంగా వచ్చిన లెక్క చరిత్రకు పనికివస్తుంది గాని నిర్ణయానికి పనికిరాదు.

అందుకని ఆయన యంత్రాల కోసం ప్రపంచం తిరిగారు. 1953లో ఆయన సంస్థలోనే సమరేంద్ర కుమార్ మిత్రా ఆధ్వర్యంలో చిన్న గణనయంత్రం ఒకటి తయారుచేశారు. 1956లో ఇంగ్లండు నుంచి హెచ్.ఇ.సి.-2ఎం అనే డిజిటల్ కంప్యూటరు వచ్చింది. మన దేశానికి వచ్చిన మొదటి డిజిటల్ కంప్యూటరు అదే. పాత రేడియోల్లో ఉండే వాల్వుల వంటివాటితో పనిచేసే యంత్రం. దానికి తగిన చల్లని గది, కనిపెట్టుకుని ఉండే మనుషులు కావాలి. తరువాత కొద్దికాలానికే సోవియట్ రష్యా నుంచి ఉరాల్ అనే యంత్రం వచ్చింది. 1966లో జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఆ సంస్థ సొంతంగా ఒక కంప్యూటరు తయారుచేసింది. అదే దారిలో మన హైదరాబాదులో 1967లో ఇ.సి.ఐ.ఎల్. వెలిసింది. దానికి సారథ్యం వహించినవారు పశ్చిమ గోదావరి మొగల్లుకు చెందిన అయ్యగారి సాంబశివరావు గారు. 1969లో టి.డి.సి.-12 అనే స్వదేశీ కంప్యూటరు బయటికి వచ్చింది.

ఆ దశాబ్దంలోనే కంప్యూటరు అంటే ఉద్యోగుల గుండెల్లో భయం ఉండేది. కలకత్తాలో జీవిత బీమా ఉద్యోగులు కంప్యూటరును ఆఫీసులోకి రానీయకుండా రాత్రింబవళ్లు కాపలా కాశారు. తమ కలం పోతుంది, తమ తరువాతి వాళ్లకు కొలువు పోతుంది అన్నది వారి ఆందోళన. అది ఉత్త భయమేనని కొట్టిపారేయడం న్యాయం కాదు. టైపిస్టులు, కాపీయిస్టులు, కంప్టోమీటరు ఆపరేటర్లు అనే ఉద్యోగాలే ఇప్పుడు దాదాపుగా కనిపించవు.

రెండవ ప్రణాళిక

మహలనోబిస్ పేరు ఇంటింటా తెలిసింది రెండవ పంచవర్ష ప్రణాళికతో. 1955 మార్చిలో ఆయన ముసాయిదా అందజేశారు. లక్ష్యాలు రెండు. జాతీయాదాయం ఏటా 5 శాతం పెరగాలి. అయిదేళ్లలో 1 కోటి 10 లక్షల ఉద్యోగాలు రావాలి. చేతిలో ఉండే పెట్టుబడి 5,600 కోట్ల రూపాయలు. దీన్ని భారీ యంత్ర పరిశ్రమలకు, ఫ్యాక్టరీల్లో తయారయ్యే వాడుక వస్తువులకు, వ్యవసాయం, కుటీర పరిశ్రమలకు, విద్య, వైద్యం వంటి సేవలకు ఎలా పంచితే ఆ రెండు లక్ష్యాలూ నెరవేరతాయని ఆయన సమీకరణాలు వేసి చూశారు. ఎక్కడ ఎంత పెడితే ఎంత ఆదాయం వస్తుంది, ఎందరికి పని దొరుకుతుంది అని పక్కపక్కన పెట్టి చూసే పద్ధతి అది. ఈనాడు కంపెనీల్లో మేనేజరు కంప్యూటరు ముందు కూర్చుని ధర ఇంత పెంచితే అమ్మకం ఎంత తగ్గుతుంది, ఇంకో గోడౌను తీసుకుంటే ఖర్చు ఎంత అని చూసుకునేది ఈ పద్ధతిలోనే. దేశానికి చేసిన లెక్కను ఇప్పుడు దుకాణానికి కూడా చేస్తున్నారు.

కాని ఆ ముసాయిదాలో ఒక విశేషం ఉంది. పెట్టుబడిలో మూడో వంతు భారీ పరిశ్రమలకు అన్నది సమీకరణం తేల్చిన జవాబు కాదు. ఆయన ముందుగానే పెట్టుకున్న అంకె. మిగిలిన రెండు వంతులు ఎలా పంచాలన్నదే లెక్క చెప్పింది. దేశం సొంత యంత్రాలు తయారుచేసుకోగలగాలన్న ఆశయం వల్ల ఆ మూడో వంతు వచ్చింది. ఆశయం మంచిదే. భిలాయి, రూర్కెలా, దుర్గాపూర్ ఉక్కు కర్మాగారాలు ఆ ప్రణాళిక కాలంలోనే లేచాయి. కాని అప్పుడే ఆర్థికవేత్త బి.ఆర్. షెనాయ్ అసమ్మతి తెలిపారు. ప్రజలకు కావలసిన తిండీ బట్టా ముందు పెంచాలని వకీల్, బ్రహ్మానంద గార్లు వాదించారు. 1957 నాటికి విదేశీ మారక ద్రవ్యానికి కటకట వచ్చింది. అమెరికా గోధుమ ఓడల కోసం ఎదురుచూడవలసి వచ్చింది. అయిదేళ్లలో జాతీయాదాయం 25 శాతం పెరగాలని ప్రణాళిక లక్ష్యం పెట్టుకుంటే దాదాపు 20 శాతమే పెరిగింది.

పంట లెక్కలో రెండో జట్టును పంపిన మనిషి, ప్రణాళిక లెక్కలో రెండో జట్టు మాటకు అంత చోటు ఇవ్వలేదేమోనని నాకు అనిపిస్తుంది. సంస్థలో కూడా ఆయన మాటే వేదమన్న విమర్శ ఉండేది. ఇంగ్లండు నుంచి వచ్చి చేరిన మహాశాస్త్రజ్ఞుడు హాల్డేన్ ఆయనతో పొసగక 1961లో వెళ్లిపోయారు. ఇది ఆయన కీర్తిని తగ్గించడానికి చెప్పడం లేదు. ఎంత గొప్ప లెక్కలోనైనా మనిషి ముందుగా పెట్టే అంకె ఒకటి ఉంటుందని, దాన్ని వెతికి చూడాలని ఆయన జీవితమే మనకు నేర్పుతున్నది.

మేనేజరు బల్లమీది తెర

ఇప్పుడు కంప్యూటరు మేనేజరుకు ఏ విధంగా తోడ్పడుతుందో మన ఊరి ఉదాహరణతో చూద్దాం. మదనపల్లె, పుంగనూరు, కుప్పంలలో ఆర్.టి.సి. డిపోలు ఉన్నాయి. డిపో మేనేజరుకు రోజూ ఏ బస్సు ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, కిలోమీటరుకు ఎంత రాబడి వచ్చింది, లీటరు డీజిలుకు ఎన్ని కిలోమీటర్లు వచ్చింది అన్న వివరాలు కావాలి. వెనుకటి రోజుల్లో ఇవన్నీ గుమాస్తాలు పెద్ద పెద్ద కాగితాల మీద వేసేవారు. కంప్యూటరు మూడు పనులు చేస్తుంది. మొదటిది, చెల్లాచెదురుగా ఉన్న అంకెలను ఒక పట్టికగా పేర్చి చూపించడం. రెండవది, ఈ ట్రిప్పు తీసేసి ఆ ఊరికి వేస్తే ఏమవుతుందో ముందుగా లెక్కగట్టి చూపించడం. మూడవది, ఫలానా సర్వీసు రాబడి మూడు నెలలుగా పడిపోతున్నదని అడగకుండానే హెచ్చరించడం. నిర్ణయం మాత్రం మేనేజరుదే.

ఎందుకంటే తెరమీద కనిపించనివి కొన్ని ఉంటాయి. రామసముద్రం వైపు సాయంత్రం బస్సుకు రాబడి తక్కువని లెక్క చూపించవచ్చు. ఆ బస్సులో ఎక్కేది పాసుల మీద కాలేజీకి పోయివచ్చే ఆడపిల్లలైతే, వాళ్లు టిక్కెట్టు డబ్బు రూపంలో కనిపించరు. బస్సు తీసేస్తే వాళ్ల చదువు ఆగుతుందని యంత్రానికి తెలియదు. ఎవరైనా దాన్ని ఒక అంకెగా రాసి పెడితేనే తెలుస్తుంది. రాయని సంగతి కంప్యూటరు దృష్టిలో లేని సంగతే.

మన పెన్షనర్లకు ఇది స్వానుభవమే. ఒక ఏడు నా లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చినా కంప్యూటరులో నమోదు కాలేదని ఒక కార్యాలయంలో నా పెన్షను నిలిపివేశారు. ఎదురుగా నిలబడ్డ మనిషి కంటే తెరమీద ఉన్న ఖాళీ గడి బలమైనదయింది. ఇచ్చిన రసీదు నా దగ్గర ఉండబట్టి రెండు నెలలకు సరిచేశారు. ఆ రసీదే నాకు రెండో జట్టు అయింది. అందుకే సభ్యులందరూ ప్రతి కాగితానికి రసీదు తీసుకుని దాచుకోవాలని, పి.పి.ఓ.లో పుట్టిన తేదీ, ఆధారులో పుట్టిన తేదీ ఒకటిగా ఉన్నాయో లేదో చూసుకోవాలని మనవి.

చివరి రోజులు

మహలనోబిస్ 1945లో లండను రాయల్ సొసైటీ సభ్యులయ్యారు. 1955 నుంచి 1967 వరకు ప్రణాళికా సంఘ సభ్యులుగా ఉన్నారు. 1959లో పార్లమెంటు చట్టం ద్వారా ఆయన సంస్థకు జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా గుర్తింపు లభించింది. 1968లో పద్మవిభూషణ్ బిరుదు వచ్చింది. 1972 జూన్ 28న, 79వ పుట్టినరోజుకు ఒక్కరోజు ముందు, కలకత్తాలో తుదిశ్వాస విడిచారు. చివరివరకు ఆయన సంస్థ పని చూస్తూనే ఉన్నారు. 2007 నుంచి ఆయన జన్మదినమైన జూన్ 29ని జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

మన సంఘ సభ్యుల్లో చాలామంది తాము నలభై ఏళ్లు రిజిస్టర్లు రాసి సాధించిందేమిటని బాధపడుతూ ఉంటారు. మహలనోబిస్ జీవితం చదివితే ఆ బాధ కొంత తీరుతుంది. మంత్రి నిర్ణయమైనా, మేనేజరు నిర్ణయమైనా, లక్షల రూపాయల కంప్యూటరు అయినా మొదలయ్యేది ఎండలో నిలబడి ఒకడు రాసిన అంకెతోనే. ఆ అంకె తప్పయితే యంత్రం ఆ తప్పునే వేగంగా, అందంగా పైకి పంపుతుంది. ఆ అంకె నిజమైతే అరవై ఏళ్ల తరువాత కూడా ఒక నదికి ఆనకట్ట కట్టిస్తుంది.

కాబట్టి కంప్యూటరు పని చేస్తున్న మన పిల్లలు సెలవులకు ఇంటికి వచ్చినప్పుడు వారికి రెండు ప్రశ్నలు వేయండి. మీ సిస్టమ్‌లోకి మొదటి అంకె ఎవరు రాస్తున్నారు? దాన్ని సరిచూసే రెండో మనిషి ఎవరు? వాళ్లు జవాబు చెప్పగలిగితే మహలనోబిస్ గారి పని సరైన చేతుల్లోనే ఉందని సంతోషించండి. చెప్పలేకపోతే అడంగల్ ఎలా రాసేవాళ్లమో, చిట్టాతో ఎలా సరిపోల్చేవాళ్లమో కూర్చోబెట్టి చెప్పండి. వినేవాళ్లుంటే మన అనుభవానికి ఇంకా పని ఉంది.